పక్షి ఒంటి వేడి: కొలిచేది ఒకచోట, నిర్ణయించేది ఇంకోచోట

ఒక బాతు మెదడులోకి, సరిగ్గా హైపోథాలమస్ ఉన్న చోటికి, సన్నని గొట్టం దించి అందులో చల్లటి నీళ్లు పారిస్తే ఏం జరగాలి? ఒంటి వేడిని కాపాడే కేంద్రం హైపోథాలమసేనని ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఉంటుంది. ఆ కేంద్రమే చల్లబడింది కాబట్టి, ఒళ్లంతా చల్లబడుతోందని అది పొరబడాలి, బాతు వణకడం మొదలుపెట్టాలి. కుక్క మీదో మేక మీదో ఇదే ప్రయోగం చేస్తే అచ్చంగా అలాగే జరుగుతుంది. వెచ్చని గదిలో ఉన్నా సరే, మెదడులో ఆ కాస్త చోటు చల్లబడగానే జంతువు గజగజ వణుకుతుంది.

బాతు వణకలేదు. అప్పటికే చలికి వణుకుతున్న బాతు కూడా వణుకు తగ్గించేసింది. ఒళ్లు నిజంగానే చల్లబడిపోతున్నా దానికి పట్టనట్టే ఉండిపోయింది. 1970లలో జర్మనీలోని బాడ్ నౌహైమ్ పట్టణంలో, మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన పరిశోధనశాలలో ఎక్‌హార్ట్ సిమోన్ బృందం చూసిన వింత ఇది. అడెలీ పెంగ్విన్ల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఇలాంటి తలకిందుల ఫలితమే వచ్చింది. పక్షి మెదడు తన ఒంటి వేడిని ఎలా నడిపిస్తుందో అర్థం కావాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. ఎందుకంటే, పాలిచ్చే జంతువుల గురించి మనకు తెలిసిన కథని పక్షులకు అలాగే అతికిస్తే అది ఎక్కడ ఊడిపోతుందో ఈ ప్రయోగం చూపిస్తుంది.

ముందు పాత కథ. మనుషులతో సహా పాలిచ్చే జంతువుల్లో హైపోథాలమస్ ముందు భాగంలో కొన్ని నాడీకణాలు ఉంటాయి. వాటి గుండా పారే రక్తం కొద్దిగా వేడెక్కితే చాలు, అవి సంకేతాలు పంపే జోరు పెంచుతాయి. అంటే అవి థర్మామీటర్లు. ఆ థర్మామీటర్ల పక్కనే నిర్ణయం తీసుకునే యంత్రాంగం కూడా ఉంటుంది: వేడి ఎక్కువైతే చెమట, తక్కువైతే వణుకు. కొలిచేవాడూ నిర్ణయించేవాడూ ఒకే గదిలో కూర్చున్నారన్నమాట. ఇంట్లో ఏసీకి ఉండే థర్మోస్టాట్‌తో దీన్ని పోల్చడం అందుకే అంత బాగా కుదిరింది. కుదరడమే కాదు, పాతుకుపోయింది కూడా.

పక్షుల్లో ఆ ఇద్దరూ వేరువేరు గదుల్లో ఉన్నారు. కొలిచే పని ఎక్కువగా వెన్నుపాముది. జర్మనీలోనే బోహుమ్‌లో రౌటెన్‌బర్గ్, ఆయన సహచరులు పావురాల వెన్నెముక లోపలి నాళంలోకి సన్నని గొట్టాలు పోనిచ్చి ఈ సంగతి తేల్చారు. వెన్నుపామును వేడి చేస్తే, చల్లని గదిలో ఉన్న పావురం కూడా నోరు తెరిచి రొప్పుతుంది. చల్లబరిస్తే, చలే లేని చోట కూడా ఈకలు ఉబ్బించి వణుకుతుంది. కుక్క హైపోథాలమస్ ఎంత బలంగా స్పందిస్తుందో పావురం వెన్నుపాము అంత బలంగా స్పందించింది. పాలిచ్చే జంతువుల వెన్నుపాముకి వేడి తెలియదని కాదు, తెలుస్తుంది. కానీ అక్కడ అది పక్కవాద్యం. పక్షిలో అదే ప్రధానవాద్యం.

ఇది వెన్నుపాముతోనే ఆగదు. చర్మంలో, ముక్కు మీద వేడినీ చలినీ పట్టే నాడీకొసలు ఉంటాయి. ఛాతీ, పొట్ట లోపలి భాగాల్లో కూడా ఒంటి లోపలి వేడిని కనిపెట్టే నాడులు ఉన్నాయని బాతుల మీద, పెద్దబాతుల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. చర్మపు నాడుల్లో చలిని పట్టే ఒక ప్రోటీన్ ఎలుకలో దాదాపు 25 డిగ్రీల దగ్గర మేలుకుంటే, కోడిలో దాదాపు 30 డిగ్రీల దగ్గరే మేలుకుంటుంది. ఒంటి వేడి ఎక్కువగా ఉండే జీవికి చలి అనే మాట కూడా కాస్త ముందే మొదలవుతుందన్నమాట.

మరి హైపోథాలమస్ చేసే పనేంటి? దాన్ని పక్కన పెట్టేద్దామా అంటే, కుదరదు. పక్షి మెదడులో పైభాగం తీసేసినా ఒంటి వేడి చాలావరకు నిలబడుతుంది. హైపోథాలమస్ దెబ్బతింటే మాత్రం వేడిలో రొప్పడం, చలిలో వణకడం రెండూ గతి తప్పుతాయి. అంటే పక్షికి అది అక్కర్లేని అవయవం కాదు. వెన్నుపాము నుంచి, చర్మం నుంచి, పొట్ట నుంచి వచ్చే కబుర్లన్నీ చేరేది అక్కడికే. వాటన్నిటినీ కలిపి చూసి ఏం చేయాలో తేల్చేది అదే. దానికి సొంత థర్మామీటరు మీద నమ్మకం తక్కువ, అంతే.

బాతు ప్రయోగంలోని వింతకు కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది. చలి గురించి వెన్నుపాము పంపే కబురు హైపోథాలమస్ గుండా పోవాలి. నాడీకణాల మధ్య సంకేతాలు ఒకదాని నుంచి ఇంకోదానికి దూకే చోట్లు రసాయనాల మీద నడుస్తాయి, రసాయన చర్యలు చల్లబడితే మందగిస్తాయి. కాబట్టి హైపోథాలమస్‌ని చల్లబరిచినప్పుడు "చలిగా ఉంది" అనే కొత్త కబురు పుట్టలేదు, వస్తున్న కబురే అక్కడ నీరసించిపోయింది. గుమాస్తా చేతులు కొంకర్లు పోతే ఉత్తరాలు కదలవు, బయట ఎంత గొడవ జరుగుతున్నా సరే. సిమోన్ బృందం ఇచ్చిన వివరణ సారాంశంలో ఇదే. తమాషా ఏమిటంటే, వేడికీ చలికీ స్పందించే నాడీకణాలు పక్షి హైపోథాలమస్‌లో కూడా ఉన్నాయి. ఒక్కో కణాన్ని విడిగా పరీక్షిస్తే అవి పాలిచ్చే జంతువుల కణాల్లాగే ప్రవర్తిస్తాయి. అవి ఉన్నాయి, మాట్లాడతాయి, కానీ వాటి మాట పెద్దగా చెల్లదు.

అన్ని పక్షులూ ఒకటే అనుకోవడం కూడా తప్పే. పిచ్చుకల హైపోథాలమస్‌ని వేడి చేసి, చల్లబరిచి చూసినప్పుడు పాలిచ్చే జంతువుల్లో లాంటి స్పందన కొంత కనిపించింది. పక్షి జాతులు దాదాపు 10,000 పైమాటే, ఇలా గొట్టాలు దించి పరీక్షించినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాతు, పావురం, పెంగ్విన్‌లలో తేలిన దాన్ని రేపు ఏ గుడ్లగూబో కాదనవచ్చు.

ఇంతకీ ఈ తేడా ఎందుకు వచ్చినట్టు? పక్షుల వంశం, పాలిచ్చే జంతువుల వంశం విడిపోయి 30 కోట్ల సంవత్సరాలు దాటింది. ఆ ఉమ్మడి పూర్వీకుడు వెచ్చని రక్తం గలవాడు కాదు. ఒంట్లోనే వేడి పుట్టించుకుని నిలబెట్టుకునే విద్యని రెండు వంశాలూ విడివిడిగా నేర్చుకున్నాయి. పాత సరంజామా ఒకటే, దాన్ని అమర్చుకున్న తీరు వేరు. అలా చూస్తే రెండు చోట్లా ఒకే అమరిక ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

ఇంకో వాదన కూడా ఉంది, అది పక్షి తలకాయకి సంబంధించింది. పక్షి మెదడు ఉష్ణోగ్రత ఒంటి ఉష్ణోగ్రతతో సమానంగా ఉండదు. చాలా పక్షుల్లో మెదడు ఒంటికన్నా దాదాపు 1 డిగ్రీ చల్లగా ఉంటుంది. దీనికి కారణం కంటి వెనకాల ఉండే ఒక రక్తనాళాల వల. గుండె నుంచి వేడి రక్తాన్ని మోసుకొచ్చే సన్నని ధమనులు, కంటి నుంచీ ముక్కు నుంచీ నోటి నుంచీ చల్లబడి వెనక్కి వచ్చే సిరలు అక్కడ జడలా అల్లుకుని ఉంటాయి. ఒకటి పైకి, ఇంకోటి కిందికి. పక్కపక్కనే ఎదురెదురుగా పారడం వల్ల వెళ్లే రక్తంలోని వేడి వచ్చే రక్తంలోకి మారిపోతుంది, మెదడుకు చేరేది కాస్త చల్లారిన రక్తం. ఎగురుతున్నప్పుడు కండరాలు రాజేసే వేడికి ఒంటి ఉష్ణోగ్రత 1, 2 డిగ్రీలు పెరిగినా మెదడు అంతగా వేడెక్కకపోవడానికి ఈ ఏర్పాటు చాలా సాయం చేస్తుంది. తడి కనుగుడ్డు, తడి ముక్కు, తడి నోరు, వాటికి తగిలే ఎదురుగాలి: ఎగిరే పక్షి తలే ఒక రేడియేటర్.

ఇలాంటి తలలో ప్రధాన థర్మామీటరు పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. గాలికి ఎదురుగా తల తిప్పినప్పుడల్లా మెదడు కాస్త చల్లబడుతుంది, ఒళ్లంతా చల్లబడిందని పక్షి పొరబడి వణకాల్సి వస్తుంది. వెన్నుపాము అలా కాదు. అది ఒంటి నడిమధ్య, కండరాలకీ పేగులకీ దగ్గరగా, ఈకల దుప్పటి కింద దాక్కుని ఉంటుంది. అసలైన ఒంటి వేడి తెలుసుకోవాలంటే అంతకన్నా నమ్మకమైన చోటు దొరకదు. ఇది నిరూపించిన విషయం కాదు, సబబుగా తోచే తర్కం. ఆ మధ్య నిప్పుకోళ్ల తలలో పరికరాలు పెట్టి రోజుల తరబడి కొలిస్తే వాటి మెదడు కొన్నిసార్లు రక్తం కన్నా వెచ్చగానే కనిపించింది. కాబట్టి "చల్లని మెదడు" అన్ని వేళలా, అన్ని పక్షులకూ చెల్లే సూత్రం కాదు.

సరే, నిర్ణయం జరిగింది. అమలు చేసేవాళ్లెవరు? చలికి మొదటి జవాబు ఖర్చు లేనిది: ఈకలు ఉబ్బించడం, కాళ్లకు పోయే రక్తాన్ని తగ్గించడం. మంచు మీద నిలబడ్డ బాతు పాదాలు గడ్డకట్టేంత చల్లగా ఉన్నా ఒంట్లో వేడి పోదు. కంటి వెనక ఉన్నలాంటి ఎదురుప్రవాహపు అల్లికే కాళ్ల పైభాగంలోనూ ఉంటుంది.

అది చాలకపోతే వణుకు. ఎగిరే పక్షుల రొమ్ము కండరాలు ఒంటి బరువులో 15 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. రెక్కని కిందికి లాగే కండరం, పైకి లాగే కండరం రెండూ ఒకేసారి బిగుసుకుంటే రెక్క కదలదు, వేడి మాత్రం పుడుతుంది. అందుకే చలిలో కొమ్మ మీద నిశ్చలంగా కూర్చున్న పక్షి నిజానికి గంటల తరబడి వణుకుతూ ఉండవచ్చు, చూసేవాళ్లకు తెలియదు. ఎలుకలకీ పసిపిల్లలకీ ఉండే గోధుమరంగు కొవ్వు, అంటే వేడి పుట్టించడమే పనిగా పెట్టుకున్న కొవ్వు, పక్షులకు లేదు. ఆ కొవ్వును నడిపే ముఖ్యమైన జన్యువే వాటిలో లేదు. బదులుగా, చలికి అలవాటుపడిన బాతుపిల్లలూ పెంగ్విన్ పిల్లలూ వణకకుండానే కండరాల్లో వేడి పుట్టించగలవు. కండర కణాల్లోని కాల్షియం పంపులు ఊరికే తిరుగుతూ శక్తిని వేడిగా కాల్చేయడం అందులో ఒక మార్గం.

వేడి వైపు కథ ఇంతకన్నా కష్టం. పక్షికి చెమట గ్రంథులు లేవు. ఒంటి వేడి మామూలుగానే 39 నుంచి 42 డిగ్రీల మధ్య ఉంటుంది, చాలా పక్షులకి ప్రాణం పోయే గీత దాని పైకొసకు నాలుగైదు డిగ్రీల దూరంలోనే ఉంటుంది. వేడి సంకేతం రాగానే మెదడు చేసేది శ్వాసని వేగం చేయడం. శ్వాసని నడిపే లయ మెదడు కాండంలో ఉంటుంది, దానికి పైనున్న నడిమి మెదడులో రొప్పుని ప్రేరేపించే చోటు ఒకటి ఉందని పావురాల ప్రయోగాల్లో తేలింది. హైపోథాలమస్ ఆజ్ఞ ఆ చోటు గుండా కిందికి దిగుతుంది. నిప్పుకోడి మామూలుగా నిమిషానికి ఐదారు సార్లు ఊపిరి తీస్తుంది. ఎండలో అది ఒక్కసారిగా 40కి పైకి ఎగబాకుతుంది. చిత్రంగా, నెమ్మదిగా పెరగదు, గేరు మార్చినట్టు మారుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. అంత వేగంగా ఊపిరి తీస్తే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ కొట్టుకుపోతుంది, రక్తం క్షారగుణంలోకి జారిపోతుంది. మనిషి అలా కాసేపు ఊపిరి తీస్తే కళ్లు తిరిగి పడిపోతాడు. నిప్పుకోడి ఎండలో గంటల తరబడి రొప్పినా దాని రక్తం పెద్దగా చెడలేదని 1969లో ష్మిట్-నీల్సన్ బృందం చూసింది. వాయువుల మార్పిడి జరిగే భాగాన్ని తప్పించి, నీళ్లు ఆవిరయ్యే శ్వాసనాళాల్లోనే గాలిని ఎక్కువగా ఆడించడం ఆ పక్షికి తెలుసు. ఈ నేర్పు అన్ని పక్షులకూ ఒకేలా లేదు. పెంపుడు కోళ్లు తీవ్రమైన ఎండలో రొప్పినప్పుడు వాటి రక్తం నిజంగానే క్షారమవుతుంది, గుడ్డు పెంకులు పల్చబడడానికి అది కూడా ఒక కారణం.

పెలికాన్లు, నీటికాకులు ఇంకో ఉపాయం వాడతాయి. ఊపిరితిత్తులని కష్టపెట్టకుండా గొంతు కింది సంచిని మాత్రం టపటపా ఆడిస్తాయి. దానికి పట్టే కండరశక్తి చాలా తక్కువ, పోయే కార్బన్ డయాక్సైడ్ కూడా తక్కువ. పావురాలదీ గువ్వలదీ ఇంకో దారి: చెమట గ్రంథులు లేకపోయినా చర్మం గుండా నేరుగా నీటిని ఆవిరి చేస్తాయి. వేడికి అలవాటు చేసిన పావురాలు 50 డిగ్రీలు దాటిన గాలిలో కూడా రొప్పకుండా నిలబడగలవు. కొన్ని కొంగలు, కొన్ని రాబందులు తమ కాళ్ల మీదే రెట్ట వేసుకుని, అది ఆరేకొద్దీ కాళ్లలోని రక్తాన్ని చల్లబరుచుకుంటాయి. చూడ్డానికి బాగుండదు కానీ నీరు ఎక్కడ ఆవిరైనా చల్లదనం ఒకటే. ఇక దక్షిణ అమెరికా టూకాన్ పక్షి తన పెద్ద ముక్కుకు వెళ్లే రక్తాన్ని తెరిచి మూసి వేడిని వదులుతుంది. 2009లో థర్మల్ కెమెరాలతో తీసిన చిత్రాల్లో, ఆ పక్షి నిద్రలోకి జారుకునే వేళ ముక్కు నిప్పుకణికలా వెలిగి కొన్ని నిమిషాల్లోనే ఆరిపోవడం కనిపించింది. కుళాయి తిప్పేది మెదడే, ముక్కు ఒక గొట్టం మాత్రమే.

ఈ ఉపాయాలన్నీ చెప్పుకోవడం తేలికే. అసలు ప్రశ్న వేరే ఉంది. వీటన్నిటికీ గురి ఏమిటి? 41 డిగ్రీలే ఉండాలని మెదడులో ఎక్కడైనా రాసి ఉందా?

రాసి ఉన్నా, ఆ అంకె స్థిరమైనది కాదు. పగలు తిరిగే పక్షుల ఒంటి వేడి రాత్రి నిద్రలో 1 నుంచి 2 డిగ్రీలు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ, తగ్గుతుంది. గుడ్లగూబల్లాంటి రాత్రి పక్షుల్లో ఈ లెక్క తిరగబడుతుంది. ఈ తగ్గుదల బద్ధకం వల్ల వచ్చేది కాదు, గడియారం వల్ల వచ్చేది. 1971లో పిచ్చుకల మెదడులోంచి పీనియల్ గ్రంథిని తీసేసి, వాటిని పూర్తి చీకట్లో ఉంచి చూశారు. మామూలు పిచ్చుకల్లో చీకట్లో కూడా కొనసాగే వేడి ఎక్కుడు దిగుడు వీటిలో మాయమైంది. పక్షుల్లో పీనియల్ గ్రంథి పుర్రె గుండా వచ్చే వెలుగును నేరుగా పట్టగలదు, రాత్రిళ్లు మెలటోనిన్ అనే హార్మోన్ వదులుతుంది. హైపోథాలమస్ పెట్టుకునే గురిని రాత్రికి దించేవాటిలో అది ఒకటి.

ఆకలి కూడా గురిని దించుతుంది. పస్తున్న పావురం రాత్రిపూట ఒంటి వేడిని మామూలుకన్నా ఇంకాస్త కిందికి పోనిస్తుంది, పగలు మళ్లీ యథాస్థితికి తెచ్చుకుంటుంది. ఉత్తర అమెరికాలో చలికాలం గడిపే నల్లటోపీ చికడీ, పట్టుమని 12 గ్రాముల పిట్ట, గడ్డకట్టే రాత్రుల్లో తన ఒంటి వేడిని పగటికన్నా దాదాపు 10 డిగ్రీలు తగ్గించుకుని తెల్లారేదాకా కొవ్వును పొదుపుగా వాడుకుంటుంది.

హమ్మింగ్ బర్డ్స్ దీన్ని ఇంకా దూరం తీసుకెళ్లాయి. పగలు 40 డిగ్రీల దగ్గరుండే ఒళ్లు రాత్రి మొద్దునిద్రలో చుట్టూ ఉన్న గాలికి దగ్గరగా పడిపోతుంది. పెరూలోని ఆండీస్ పర్వతాల్లో నల్లని ఒక జాతి హమ్మింగ్ బర్డ్ ఒంటి వేడి 3.3 డిగ్రీలకు చేరిందని 2020లో నమోదైంది. పక్షుల్లో ఇంత తక్కువ అంకె అంతకుముందు ఎప్పుడూ నమోదు కాలేదు. ఇది చూసి మెదడు పగ్గాలు వదిలేసిందని అనుకోవడం సహజం. కానీ 1970లోనే హైన్స్‌వర్త్, వుల్ఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కరీబియన్ దీవుల హమ్మింగ్ బర్డ్ ఒకదాన్ని పరీక్షించి ఆ అనుమానం తీర్చారు. మొద్దునిద్రలో దాని ఒళ్లు 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఆగింది. చుట్టూ గాలిని అంతకన్నా చల్లబరిచినా ఒళ్లు ఇంకా కిందికి పోలేదు, నిద్రలోనే ఇంధనం మండించి ఆ గీతను కాపాడుకుంది. గురి చెరిగిపోలేదు, కిందికి జరిగింది. మెదడే దాదాపు 20 డిగ్రీలకు చల్లబడి ఉన్నా ఆ లెక్క ఎలా చేయగలుగుతోందన్నది నిజంగా అబ్బురమే.

ఇదే సూత్రం పైకి నడిస్తే జ్వరం. బ్యాక్టీరియా పెంకులోని విషాన్ని కోడికో పావురానికో ఎక్కిస్తే ఒంటి వేడి పెరుగుతుంది, హైపోథాలమస్ దగ్గర ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు గురిని పైకి జరుపుతాయి. ఇందులో పక్షులూ మనుషులూ ఒకే బాటలో ఉన్నారు. ఒంటి వేడికీ రోగానికీ ఉన్న లంకెని పక్షిలోనే మొదట చూపించిన ఘనత లూయీ పాశ్చర్‌ది. కోళ్లకు ఆంథ్రాక్స్ ఎందుకు సోకదన్న ప్రశ్నకి, వాటి ఒళ్లు ఆ సూక్ష్మజీవికి మరీ వేడి కావడం వల్లేనని ఆయన ఊహ. 1878లో ఒక కోడికి ఆంథ్రాక్స్ ఎక్కించి, కాళ్లు మునిగేలా చల్లని నీళ్లలో నిలబెట్టాడు. కోడి చచ్చిపోయింది. నీళ్లలో పెట్టని కోడికి ఏమీ కాలేదు. నీళ్లలోంచి సమయానికి బయటికి తీసి వెచ్చబరిచిన కోడి కోలుకుంది. ఈ రోజుల్లో ఏ నైతిక కమిటీ ఈ ప్రయోగాన్ని ఒప్పుకోదేమో కానీ, కాళ్ల గుండా ఒక కోడిని ఎంత తేలిగ్గా చల్లబరచవచ్చో కూడా అది పక్కగా చూపించింది.

పైగీత సంగతి. చాలా పక్షులకు 46, 47 డిగ్రీల దగ్గర ఒళ్లు పట్టు తప్పుతుంది. ఆఫ్రికాలో కోట్ల సంఖ్యలో గుంపులు కట్టే ఎర్రముక్కు క్వేలియా మాత్రం 48 డిగ్రీల ఒంటి వేడిని తట్టుకుందని 2020లో ఒక పరిశోధన చెప్పింది. ఆ ఉష్ణోగ్రత దగ్గర నాడీకణాల్లోని ప్రోటీన్లు ఎలా నిలబడుతున్నాయో తెలిస్తే చాలా ప్రశ్నలు తీరతాయి. కొంచెం వేడిని ఒంట్లో పోగవనివ్వడం ఒక రకంగా తెలివైన ఎత్తు కూడా. ఒళ్లు గాలికన్నా వేడిగా ఉన్నంతసేపు వేడి దానంతట అదే బయటికి పోతుంది, నీటిని ఆవిరి చేయాల్సిన పనిలేదు. ఎడారి పక్షికి ఒక్కో చుక్క నీరూ లెక్కే కాబట్టి మెదడు తొందరపడి రొప్పు మొదలుపెట్టదు. గీతను కాస్త పైకి జరిపి నీళ్లు మిగుల్చుకుంటుంది.

కానీ ఆ ఎత్తుకూ హద్దుంది. కలహారి ఎడారిలో పైడ్ బాబ్లర్ అనే పక్షుల్ని గమనిస్తే, గాలి 35.5 డిగ్రీలు దాటిన రోజుల్లో అవి మేత వెతకడం మానలేదు గానీ, వెతుకుతూనే రొప్పాల్సి వచ్చింది. తెరిచిన ముక్కుతో మట్టిలో పురుగును పట్టడం కుదరని పని. ఆ రోజుల్లో రాత్రి కోల్పోయిన బరువును పగలు తిరిగి సంపాదించలేకపోయాయి. ఒళ్లు వేడెక్కి చావలేదు, చిక్కిపోయాయి. ఏ పక్షి ఎంత ఎండని తట్టుకుంటుందో పరిశోధనశాలలో కొలిచే అంకెల్లో ఈ నష్టం కనబడదు. ఎండాకాలపు లెక్కలు వేసేవాళ్లు ప్రాణం పోయే గీతనే చూస్తారు. అంతకు చాలా ముందే మెదడు రెండు పనుల్లో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది.

ఈ గురి పక్షికి పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అన్నది కూడా ఇప్పుడు తేలుతున్న విషయమే. గుడ్డులోని పిండానికి చివరి రోజుల్లో హైపోథాలమస్ కణాలు వేడికీ చలికీ స్పందించడం మొదలుపెడతాయి. పొదిగేటప్పుడు గుడ్డుకు తగిలిన వేడిని బట్టి ఆ కణాల తీరు మారుతుందని బెర్లిన్‌లో బార్బరా ట్షెంట్కె చేసిన పరిశోధనలు చూపించాయి. కోడిగుడ్లను సాధారణంగా 37.8 డిగ్రీల దగ్గర పొదిగిస్తారు. ఇజ్రాయెల్ పరిశోధకులు పొదుగుడు 7వ రోజు నుంచి 16వ రోజు దాకా రోజుకు 12 గంటల పాటు ఆ వేడిని 39.5కి పెంచి చూశారు. అలా పుట్టిన కోళ్లు పెద్దయ్యాక ఎండదెబ్బను మామూలు కోళ్లకన్నా బాగా తట్టుకున్నాయి. పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చాక మూడో రోజున వేడి తగిలించినా ఇలాంటి ఫలితం వస్తుంది. హైపోథాలమస్ కణాల్లో కొన్ని జన్యువుల మీద ఆ వేడి చెరగని గుర్తులు వదులుతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ తలుపు దాదాపు మూసుకుపోతుంది.

ఆస్ట్రేలియాలో జీబ్రా ఫించ్ పిట్టలు ఈ పని యంత్రం లేకుండానే చేస్తున్నాయి. గుడ్లు పిల్లలయ్యే రోజులు దగ్గరపడినప్పుడు, గాలి 26 డిగ్రీలు దాటితే, పొదుగుతున్న తల్లి లేదా తండ్రి రొప్పుతూ గుడ్లకేసి ఒక ప్రత్యేకమైన కూత కూస్తుంది. చల్లని రోజుల్లో ఆ కూత వినిపించదు. మారియెట్, బుకానన్ అనే శాస్త్రవేత్తలు ఈ కూతను రికార్డు చేసి పొదిగే యంత్రంలోని గుడ్లకు వినిపించారు. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు, వేడి గూళ్లలో పెరిగినప్పుడు, కూత వినని పిల్లలకన్నా చిన్నగా, తేలిగ్గా పెరిగాయి. చిన్న ఒళ్లు వేడిని తొందరగా వదిలించుకుంటుంది. పెంకు లోపల కళ్లు తెరవని ఆ పిల్లలు పెద్దయి జతకట్టాక, గూడు పెట్టుకోవడానికి మిగతా పిట్టలకన్నా వేడి చోట్లనే ఎంచుకున్నాయి.